వెనక సీటు మనిషి

చిన్నారావు ఎర్ర కారు వెనక అద్దం తుడుస్తున్నాడు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, ఆఖర్న నోటితో ఆవిరి ఊది, వేలికి గుడ్డ చుట్టి మూలలు. ఆ ఊదడమే ఈమధ్య కష్టమైపోయింది. రెండో మూలకి వచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు గుడ్డ పిండుతున్నట్టుగా బకెట్ మీదకి వంగి, మోకాళ్ళకి చేతులానించి, ఊపిరి దారికొచ్చేదాకా అలాగే ఉంటాడు. చూసేవాళ్ళకి పని చేస్తున్నట్టే ఉంటుంది.

రాయ్‌పూర్‌లో మే నెల. షోరూము తలుపులు ఇంకా తీయనేలేదు, ఆవరణలో పరిచిన సిమెంటు పలకలు అప్పుడే చురుక్కుమంటున్నాయి.

ఆ ఎర్ర కారుని షోరూములో అందరూ తమ్ముడంటారు. దాని పక్కన నల్లగా నిగనిగలాడుతూ నిలబడ్డది అన్న. ఒకే కంపెనీ, ఒకే మూతి, ఒకే ఇంజను. తమ్ముడికి రెండే తలుపులు. నేలని కరుచుకుని, ఉరకడానికి సిద్ధంగా ఉన్నట్టుంటుంది. అన్నకి నాలుగు తలుపులు, లోపల కాళ్ళు బారజాపుకునేంత చోటు. డబ్బున్నవాళ్ళు వస్తారు, ఈ రెండింటి మధ్యా నిలబడి తలలు గోక్కుంటారు. వయసులో ఉన్నవాళ్ళ కళ్ళు తమ్ముడి మీద, పెద్దవాళ్ళ కళ్ళు అన్న మీద. తమ్ముణ్ణి చూసిన ప్రతి పెద్దమనిషీ అడిగే ప్రశ్న ఒక్కటే: వెనక ఎవరైనా కూర్చోగలరా?

చిన్నారావు ఉన్నది ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే. అద్దాలు తుడవడం పేరుకి. అసలు ఉద్యోగం తమ్ముడి వెనక సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి చూసిన ఆసామికి చిరునవ్వు చూపించి, "ఆరామ్ హై సాబ్", హాయిగా ఉందండీ, అనడం. దేవుడు అతని ఎత్తు దగ్గర బాగా పొదుపు చేశాడు. మామూలు మనిషికి గడ్డానికి తగిలే మోకాళ్ళు అతనికి పొట్ట దగ్గరే ఆగుతాయి. అతను కూర్చుంటే ఆ సీటు సీటులా కనబడుతుంది. ఏం తెలివండీ! అమ్మకాల మేనేజరు వీరేంద్రకి తట్టిన ఉపాయం అది.

ఆ పొట్టితనమే అతని బతుకంతా నడిపింది. పలాస వైపు నుంచి రైలు పట్టాల పనికి వచ్చిన తండ్రి, కొడుకుని రైల్వే పోలీసుల్లో చూసుకోవాలనుకున్నాడు. రెండు వేళ్ళ ఎత్తు తక్కువై వెనక్కి పంపేశారు. ఆ తర్వాత సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీ వాళ్ళు చూసి సంబరపడ్డారు. మసి పేరుకున్న పొగగొట్టాల్లోకి మామూలు మనుషులు పట్టరు, ఇతను పడతాడు. నడుముకి తాడు కట్టి లోపలికి పంపేవారు, గీకిన మసి బస్తాలకెత్తేవారు. ఆ మసిలో కొంత బస్తాల్లోకి వెళ్ళింది, కొంత చిన్నారావు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. మొదటిదానికి లెక్కుంది, రెండోదానికి లేదు. దగ్గు ముదిరాక పని మానిపించారు. ఇరుకు మాత్రం అతన్ని వదల్లేదు, కాకపోతే ఇప్పటి ఇరుక్కి తోలు సీటుంది.

తొమ్మిదింటికి వీరేంద్ర వచ్చాడు. అతని తండ్రీ చిన్నారావు తండ్రీ ఒకే వరస రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళు. ఎవరూ లేనప్పుడు మామా అంటాడు. కస్టమర్ల ముందు హిందీలో అంకుల్ అయిపోతుంది.

"మామా, ఇయ్యాల సిల్తారా నుంచి సేఠ్ ఒకాయన వస్తన్నాడు, కూతుర్నేసుకుని. ఆయనకి అన్న కావాల, పిల్లకి తమ్ముడు కావాల. ఏదో ఒకటి ఇక్కడే పక్కా అయిపోవాల. ఇంటికెళ్ళి ఆలోసించుకుంటామన్నారంటే ఇంక రారు."

"అలగేలే బాబూ."

"నువ్వు మాత్రం దగ్గకు. మాలిక్ నిన్న గూడా అడిగాడు, ఈ బుఢ్ఢాని ఎందుకు పెట్టుకున్నావని. ఈ బేరం కుదిరిందనుకో, నిన్ను గేటు కాడ కూకోబెట్టమని నానే సెప్తాను. గేటోడు ఊరెల్లిపోతన్నాడు కదా. కుర్సీలో కూకోడవే."

చిన్నారావు గేటు వైపు చూశాడు. రేకు నీడలో చేతులున్న కుర్చీ. దాని చుట్టూ నాలుగు వైపులా గాలి. కాళ్ళు ఎంత దూరమైనా జాపుకోవచ్చు, దగ్గొస్తే దగ్గుకోవచ్చు, లేవాలనిపిస్తే ఎవరూ వచ్చి తీయకుండానే లేవొచ్చు. బతుకులో ఇంతవరకూ అతను ఏ కుర్చీ మీదా మనసు పడలేదు.

కస్టమర్లు వచ్చేలోపు షెడ్డులోకి వెళ్ళి, గుఢియారీలో ఇంటి దగ్గరున్న భార్యకి ఫోన్ చేశాడు.

"ఏటయ్యా, మందేసుకున్నావా?" అంది అప్పలనరసమ్మ.

"ఏసుకున్నాన్లే. ఇదిగో, ఇను. వీరేంద్ర గేటు కాడ కుర్సీ ఇప్పిత్తానన్నాడు. ఇయ్యాల బేరం పక్కా అయితేన."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. "నిజవేనా? కుర్సీకి చేతులుంటాయేటి?"

"ఉంటాయి. ఆనుకోడానికీ ఉంటాది."

"అలగైతే రేతిరికే పాత చీరతోటి దిండు కుట్టీసి ఉంచుతాను. నడుం కాడ ఎట్టుకుందువు."

కస్టమర్లు ఉన్నప్పుడు పనివాళ్ళ దగ్గర ఫోన్ మోగకూడదని నియమం. ఫోన్ షెడ్డులోనే మేకుకి తగిలించి వచ్చాడు.

సేఠ్ భారీ మనిషి, మాటా అలాంటిదే. కూతురు కృతిక సన్నగా, చురుగ్గా ఉంది. ముందు అన్నలో తిరిగొచ్చారు. వెనక చిన్నారావు సందుగలో గోళీలా ఉన్నాడు. సేఠ్ ముఖం వెలిగింది. "చూశావా, మీ నానమ్మ పడుకుని కూడా రావొచ్చు" అన్నాడు హిందీలో. "నానమ్మ నీ కారులో వస్తుంది పాపా, ఇది నా కారు" అంది కూతురు. వీరేంద్ర ఇద్దరికీ తల ఊపాడు.

తర్వాత తమ్ముడు. వీరేంద్ర ముందు సీటు వంచి, "బైఠియే అంకుల్" అన్నాడు. చిన్నారావు తల ముందు పెట్టి, భుజం తిప్పి, ఒక్కో కాలూ లోపలికి లాక్కుని ఒదిగిపోయాడు. సీటు వెనక్కి పడింది. ఇక ముందున్నవాళ్ళు దిగి సీటు వంచేదాకా వెనకవాడు అక్కడే ఉండాలి, ఆ కారు తీరే అంత. రెండో వెనక సీట్లోకి ఎక్కడానికి వీరేంద్రకి పొట్ట అడ్డం. అందుకని అతను షోరూము దగ్గరే ఆగిపోయాడు.

అమ్మాయి నవా రాయ్‌పూర్ వైపు వెడల్పాటి రోడ్డు మీద కారుని ఉరికించింది. తండ్రీకూతుళ్ళ వాదన సాగుతూనే ఉంది. సెంటు వాసనకి చిన్నారావు గొంతులో దగ్గు కదిలింది. పళ్ళు బిగించాడు, దాన్ని మింగాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సరిగ్గా అప్పుడే సేఠ్ వెనక్కి తిరిగి, "ఏం పెద్దాయనా, ఇరుగ్గా లేదూ?" అన్నాడు.

"ఆరామ్ హై సాబ్" అన్నాడు చిన్నారావు. ఆ మూడు మాటలకీ ఉన్న ఊపిరంతా ఖర్చయిపోయింది.

తిరిగొచ్చి, ఆవరణలో ఎండలో కారు ఆపారు. సేఠ్ చిరాగ్గా దిగి తలుపేశాడు. అమ్మాయి కూడా దిగి, అలవాటు కొద్దీ తాళం మీట నొక్కింది. కారు కిచ్‌మని మూసుకుంది. గొడవ ముదిరి బేరం చెడుతుందని భయపడి వీరేంద్ర ఎదురొచ్చి, ఇద్దర్నీ చల్లటి మజ్జిగ అంటూ లోపలికి తీసుకుపోయాడు. రోజూ సీటు వంచి దింపేది అతనే. ఇవాళ మరిచిపోయాడు.

చిన్నారావుకి మొదట కంగారేమీ కలగలేదు. వస్తాడులే అనుకున్నాడు. షోరూము గాజు గోడలోంచి ముగ్గురూ కనిపిస్తూనే ఉన్నారు. కాస్త సాగి, లోపల్నుంచి తలుపు తీసుకోవచ్చు. కానీ పోయిన దీపావళికి అలాగే తీస్తే, బయట తాళం పడి ఉండటంతో కారు పెద్దగా మొత్తుకుంది. మాట్లాడుతున్న కస్టమర్లు ఉలిక్కిపడి లేచారు, మళ్ళీ కూర్చోలేదు. ఆ నెలంతా వీరేంద్ర అతన్ని మామా అనలేదు. ఇప్పుడు సేఠ్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. చిన్న చప్పుడైతే చాలు, లేచిపోయేలా ఉన్నాడు.

సీటు తోలు కాలుతోంది. గాలి పొగగొట్టంలో గాలిలాగే బరువెక్కింది. అక్కడైతే నడుముకి తాడుండేది, గుంజితే పైనున్నవాళ్ళు లాగేవారు. ఒకసారి అద్దం మీద కొడదామని చెయ్యెత్తాడు. గాజు గోడ అవతల వీరేంద్ర నవ్వుతూ సేఠ్‌కి ఏదో చెబుతున్నాడు. సేఠ్ కూడా నవ్వుతున్నాడు. బేరం దారిలో పడింది! చెయ్యి దించేశాడు. ఇంకాస్తే కదా అనుకున్నాడు. రేకు నీడ, గాలి, నడుం కాడ పాత చీర దిండు. ఇంకాస్తే. తల మెల్లగా అద్దానికి ఆనింది. చిత్రంగా దగ్గు రావడం లేదు. ఎన్నాళ్ళకో ఛాతీలో పిల్లికూతలు ఆగాయి, ఆ తర్వాత ఊపిరీ ఆగింది.

అప్పటికీ లోపల మాట తెగలేదు. ఇంకోసారి చూద్దాం పదండని అమ్మాయే తండ్రిని బయటికి లాక్కొచ్చింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక అద్దంలోకి వంగి చూసింది, పకపకా నవ్వింది.

"పాపా, చూడు చూడు! ఎంత హాయిగా నిద్రపోయాడో. ఇరుకు ఇరుకు అన్నావుగా?"

సేఠ్ వంగి చూశాడు. అతనికీ నవ్వొచ్చింది. "సరే తల్లీ, గెలిచావు. చిన్నదే తీసుకో."

వీరేంద్ర సేఠ్ చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. అమ్మాయి తాళం మీట నొక్కగానే, ఆ సంబరంలోనే తలుపు తీసి సీటు వంచాడు. "అంకుల్, ఉఠియే" అన్నాడు. మళ్ళీ అన్నాడు. భుజం తట్టాడు. ఆ ఒళ్ళు అటే ఒరిగిపోయింది.

"మామా!" అని అరిచాడు వీరేంద్ర. "మామా, నెగు మామా! బేరం కుదిరిపోనాది మామా!" కస్టమర్ల ముందు అతను ఆ పిలుపు పిలవడం అదే మొదలు.

దింపడానికి చాలాసేపు పట్టింది. మనిషి ఒదిగి ఎక్కగలిగే కారే గానీ, ఎత్తి దింపగలిగే కారు కాదు. అమ్మాయి తాళం చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని ఏడ్చింది.

బేరం చెడలేదు. అశుభమని ఎర్ర రంగు వద్దన్నారు. తెల్ల తమ్ముణ్ణి తెప్పించుకున్నారు. నెల తిరక్కముందే వీరేంద్ర ఇంకో పొట్టి మనిషి కోసం వాకబు మొదలుపెట్టాడు. ఈలోపు ఎర్ర కారులో ఏదో వాసనొస్తోందని ఒక కస్టమరు ముక్కు మూసుకుంటే, పనివాళ్ళు సీట్లు విప్పి కడిగారు. వడదెబ్బ తగలకుండా ఎండాకాలమంతా అప్పలనరసమ్మ రోజూ పొద్దున్నే మొగుడి చొక్కా జేబులో వేసి పంపే ఉల్లిపాయ, ముందు సీటు కింద ఇనప పట్టాల మధ్య ఇరుక్కుని, పైపొర ఎండి రాలి, ఒక పక్క మెత్తబడి ఉంది.