గొలుసులో చివరి పేరు

పొంగే పిండిలో దేవుడి రాజ్యం ఉందని కిందటేడే ఎవరో చెప్పేశారు. మంచులో కూరుకుపోయిన ట్రాక్టరును పొరుగువాడు వచ్చి లాగిపెడితే అందులో కృప కనిపించిందని ఇంకొకరు చెప్పేశారు. ఇల్లు మరిచిన కుక్క, మాడిపోయిన కేకు, ఆసుపత్రిలో పక్క మంచం మీది మనిషి, అన్నీ అయిపోయాయి. ఇంక తనకు మిగిలిందేమిటి? ఎల్ఫ్రీడా పిండి ముద్దను బల్ల మీద మరోసారి మోదింది. రేపు ఆదివారం. రేపు ఆమె వంతు.

ఈ ఏర్పాటు కొత్త పాస్టరు వచ్చాక మొదలైంది. ప్రసంగానికి ముందు సంఘంలో ఒకరు లేచి, ఆ వారం ఇంట్లోనో వీధిలోనో తమకు ప్రభువు నేర్పిన పాఠం మూడు నిమిషాల్లో చెప్పాలి. వంతుల కాగితం ఏడాది మొదట్లోనే ఇంటింటికీ అందుతుంది. ఎల్ఫ్రీడా వంటింట్లో ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంది. పక్కనే, టెలిఫోను పైన, ప్రార్థన గొలుసు జాబితా. పదకొండు మంది ఆడవాళ్ల పేర్లు. మొదటి పేరు వెర్నా. చివరి పేరు ఎల్ఫ్రీడా.

ఎవరికైనా కష్టం వస్తే, ప్రార్థన చెయ్యమనే కబురు ముందు వెర్నాకు అందుతుంది. వెర్నా రెండో పేరుకు ఫోన్ చేస్తుంది, రెండో పేరు మూడో పేరుకు. అలా చివరిదాకా వచ్చాక ఎల్ఫ్రీడా మళ్లీ వెర్నాకే ఫోన్ చేసి, "గొలుసు నా దాకా వచ్చింది" అని చెప్పాలి. అప్పుడు ఎక్కడా తెగలేదని మొదటి మనిషికి తెలుస్తుంది. పన్నెండేళ్లుగా ఆ మాట చెబుతూనే ఉంది. ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని కాన్పులు, ఎన్ని చావులు!

నవంబరులో మాత్రం ఆమెకు ఫోన్ రాలేదు.

నవంబరు తలపుకొచ్చేసరికి పిండి మీద పిడికిలి మరీ లోతుగా దిగింది. శనివారం రొట్టెలంటే ఈ ఊళ్లో పెద్ద ఉండ మీద చిన్న ఉండ కూర్చోబెట్టి కాల్చినవే. పై ఉండను బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కాలి. లేకపోతే పొయ్యిలో అది ఒక పక్కకు ఒరిగి జారిపోతుంది. పన్నెండేళ్ల వయసులో అమ్మ నేర్పిన పని ఇది. ఇందులోంచి కూడా ఒక పాఠం లాగొచ్చు. లాగితే దేనిలోంచైనా వస్తుంది. అసలు ఆమెకు కోపం తెప్పిస్తున్నది అదే.

అప్పటికి ఆమె కొడుకు లైల్ తాగడం మానేసి మూడు నెలలైంది. రెండేళ్ల తర్వాత మొదటిసారి తల్లి పక్కన చర్చిలో కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుంటుంటే తెగిన చోట చిన్న కాగితం ముక్క అంటించుకుని మరీ వచ్చాడు. లోపలికి అడుగు పెట్టినప్పుడే ఎల్ఫ్రీడాకు ఏదో తేడాగా అనిపించింది. ఆడవాళ్లందరూ మెడలు కాస్త పక్కకు వంచి నవ్వుతున్నారు. జబ్బుమనిషిని చూసి నవ్వే నవ్వు అది. ఆ మెడ వంపు లైల్ కూడా చూశాడు. వాడి నడక నెమ్మదించింది.

అప్పుడు వెర్నా లేచింది. ఆ వారం వంతు ఆమెది.

"మన ఊళ్లో ఒక తల్లి ఉంది" అని మొదలుపెట్టింది. హైవే పక్కన ఉన్న తన వంటింటి కిటికీలోంచి ఎండాకాలమంతా ఆ తల్లి ట్రక్కు దీపాలు చూశానంది. కొడుకును వెతుక్కుంటూ బార్ దగ్గరికి ఒకసారి, రైలు గోదాముల దగ్గరికి ఒకసారి, అటూ ఇటూ తిరుగుతుంటే, తొంభై తొమ్మిది గొర్రెలను వదిలేసి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్లిన బైబిల్లోని కాపరి తనకు కనిపించాడంది. "ఆ గొర్రె ఇంటికి వచ్చేసింది" అంటూ ఏడ్చింది. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. నూట నలభై తలలు ఒక్కసారి తిరిగాయి.

లైల్ పాటల పుస్తకాన్ని చప్పుడు కాకుండా ముందు బెంచీ అరలో పెట్టాడు. పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. ఆ వారమే మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు టైర్ల షాపు మీద గదిలో ఉంటున్నాడు. గుమ్మంలో నిలబడి తల్లితో ఒకే మాట అన్నాడు: "అమ్మా, ఇంకెప్పుడూ నన్ను వెతుక్కుంటూ రాకు. నేను గొర్రెను కాను." అప్పటినుంచి శనివారం రొట్టెలు పీట్ తీసుకెళ్లి ఇచ్చి వస్తున్నాడు. పీట్ ఆమె భర్త. వాడు రొట్టెలు తీసుకున్నాడా అంటే తీసుకున్నాడంటాడు. వాడు తాగి ఉన్నాడా అంటే పీట్ వంగి తన బూట్లు విప్పుకుంటాడు.

కానీ ఎల్ఫ్రీడాకు నిద్ర పట్టనివ్వనిది ఇది కూడా కాదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక వెర్నా వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "ఆ పాఠం నీ దగ్గరే నేర్చుకున్నాను, ఎల్ఫ్రీడా" అంది. దానికి తను ఏమంది? "థాంక్యూ" అంది. నవ్వి మరీ అంది. ఈ నాలుగు నెలలుగా ఆ థాంక్యూ గొంతులో ముల్లులా దిగబడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు.

ఫోన్ మోగింది.

రిసీవరును మోచేత్తో గోడ మీది నుంచి ఎత్తి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల హెల్గా. జాబితాలో పదో పేరు.

"ఏమే, చేతిలో పనుందా?"

"శనివారం పొద్దున పిండి కాక ఇంకేముంటుంది? చెప్పు."

"గొలుసే. కొంచెం కూర్చో ముందు."

"పిండి చేతులతో ఎక్కడ కూర్చోమంటావు? నీ ఒళ్లోనా? చెప్పవే."

"వెర్నా కోసం" అంది హెల్గా. అని ఆగింది. ఆ ఆగడంలో మిఠాయి కాగితం విప్పుతున్న చప్పుడు వినిపించినట్టయింది ఎల్ఫ్రీడాకు. "కొర్నీకి స్నానం చేయించడానికి మన మార్జ్ కూతురు వెళ్తుంది కదా, నర్సు? గురువారం వెళ్లిందట. ఆయన భుజం మీద నాలుగు వేళ్ల గుర్తులు. నీలంగా కమిలిపోయి ఉన్నాయట."

వెర్నా భర్త కొర్నీకి రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. ఒకప్పుడు సంఘపెద్ద. ఇప్పుడు చెంచా ఎటు పట్టుకోవాలో తెలియదు.

"ఎక్కడైనా పడ్డాడేమో."

"వేళ్ల మీద పడతాడా ఎవరైనా? ఆయనే చెప్పాడట, వెర్నా కొట్టిందని. నవ్వుతూ."

"పోయిన నెల నన్ను చూసి వాళ్ల అమ్మననుకున్నాడు ఆయన."

"నేనేమీ తీర్పు తీర్చట్లేదమ్మా" అంది హెల్గా నొచ్చుకుని. "ప్రార్థన చెయ్యమంటున్నాను, అంతే. వెర్నా బదులు మార్జ్ మొదలుపెట్టింది, అందరికీ అందింది. నువ్వే ఆఖరు. ఈసారి వెర్నాకి మాత్రం చెయ్యకేం? నీ దగ్గరే ఆపెయ్."

"వెర్నాకి తెలియదా?"

"ఎలా తెలుస్తుంది? పాపం, తెలిస్తే సిగ్గుతో చచ్చిపోదూ?"

ఎల్ఫ్రీడా రిసీవరును చేత్తో పట్టుకుంది. దానికి పిండి అంటుకుంది. "నవంబరులో నీ తర్వాతి పేరు నాదే కదా. మరి నువ్వు ఎవరికి చేశావు?"



"తిన్నగా వెర్నాకే చేశాను" అంది హెల్గా. "అందరం నీ కోసమే కదే ప్రార్థించాం! నీకు తెలిస్తే బాధపడతావని. అది సరేగానీ, రేపు నీ వంతు కదూ? పాఠం దొరికిందా?"

"లేదు."

"ఇదిగో, దొరికిందిగా మరి" అని నవ్వి హెల్గా పెట్టేసింది.

ఎల్ఫ్రీడా మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. ఉండలు చేయసాగింది. పెద్దది, దాని మీద చిన్నది, బొటనవేలి నొక్కు. తను ఏమీ చేయనక్కర్లేదు. అదే ఇందులో గొప్పదనం. చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. రేపు పొద్దున వెర్నా కొర్నీకి తల దువ్వి, టై కట్టి, చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తుంది. ఎప్పటిలా అటూ ఇటూ నవ్వుతూ నాలుగో వరుస దాకా వస్తుంది. తొమ్మిది మెడలు పక్కకు వంగుతాయి. ఎందుకో ఆమెకు తెలియదు. అప్పుడు ఎల్ఫ్రీడా లేస్తుంది.

"మన ఊళ్లో ఒక భార్య ఉంది."

ఆ మాట పైకే అనేసింది. వంటింట్లో అది ఎంత చక్కగా వినిపించింది! తర్వాతి మాటలు వాటంతట అవే వచ్చాయి. బరువు మోసే ఒక భార్య. మోసి మోసి ఒకనాడు చెయ్యి జారిన భార్య. మనమంతా ఒకరి బరువు ఒకరం మోయాలని ప్రభువు తనకు నేర్పిన పాఠం. పొద్దుటినుంచి పిండిలో వెతికినా దొరకనిది మూడు నిమిషాల్లో తయారైంది. పేరు అక్కర్లేదు. చివరికొచ్చేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంటూ చూసుకుంది. నిజమైన నీళ్లే.

చెయ్యి పిండి మీదే ఆగిపోయింది.

వెర్నావి దొంగ ఏడుపులని నాలుగు నెలలుగా అనుకుంటూ వచ్చింది. అలా అనుకుంటేనే కోపానికి నిలబడే చోటు ఉండేది. కావు. వెర్నా నిజంగానే ఏడ్చింది. ఇప్పుడు తను ఏడ్చినట్టే, తన పాఠం తనకు అంత బాగా కుదిరినందుకు ఏడ్చింది. లైల్ కోసం కాదు. ఆ మూడు నిమిషాల్లో లైల్ లేనే లేడు. ఇది అర్థమైతే కోపం తగ్గాలేమో. తగ్గలేదు. రెట్టింపైంది. అందులో సగం ఇప్పుడు తన మీదికే తిరిగింది.

పీట్ వెనక తలుపు తోసుకుని వచ్చాడు. మార్చి నెల బురద మోకాళ్ల దాకా ఉంది.

"రేపటికి దొరికిందా నీ పాఠం?"

"దొరికింది."

"దేని మీద?"

"ముందు ఆ బూట్లు విప్పు. నేల తుడిచి గంట కాలేదు."

"బూట్ల మీదన్నమాట" అని గొణుక్కుంటూ అతను అటే వెళ్లి స్నానాల గదిలో దూరాడు.

వెర్నా చెప్పిన పాఠంలో కాపరి గొర్రెను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఎల్ఫ్రీడా తన అరచెయ్యి చూసుకుంది. జులైలో ఒక రాత్రి, బార్ వెనక, ట్రక్కులో, ఆమె లైల్‌ను కొట్టింది. ఒకటి కాదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది. వాడు ఆపలేదు, తప్పుకోలేదు, నవ్వాడు. కొర్నీలాగే. మర్నాడు వాడి చెంప మీద ఆమె వేళ్లు ఉన్నాయి. గోదాములో తలుపు తగిలిందని వాడే తండ్రికి చెప్పాడు. వాడు ఆ సంగతి ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. వెర్నా కిటికీకి ట్రక్కు దీపాలు కనిపించాయి, ఇది కనిపించలేదు. కనిపించి ఉంటే పాఠం కుదిరేది కాదు.

వెర్నాను క్షమించాలా? ఆ మాట తలుచుకుంటేనే ఒళ్లు మండింది. లేదు. తన లోపల ఎక్కడ వెతికినా దానికి దగ్గరగా ఏదీ లేదు. లైల్ ఇస్త్రీ చొక్కా వీపు ఆ పక్క తలుపులోంచి వెళ్తూనే ఉంది. కానీ రేపు ఏమీ తెలియని మనిషి ఒకతె నవ్వుకుంటూ ఆ నడవలోకి అడుగు పెట్టబోతోంది. ఆ నడవ ఎలా ఉంటుందో పదకొండు మందిలో ఎల్ఫ్రీడా ఒక్కదానికే తెలుసు.

చేతులు కడుక్కుంది. రిసీవరుకు అంటిన పిండి అప్పటికే ఎండి పొలుసుల్లా లేచింది. గోటితో దాన్ని గీరింది, అవసరానికి మించి చాలాసేపే గీరింది. తర్వాత ఫ్రిజ్ మీది వంతుల కాగితంలో రేపటి తేదీ పక్కన ఉన్న తన పేరు కొట్టేసింది. అది సులువుగానే అయింది. రెండోది కాలేదు. రెండుసార్లు రిసీవరు ఎత్తి రెండుసార్లూ పెట్టేసింది. జాబితా చూడనక్కర్లేదు, పన్నెండేళ్లు తిప్పిన నంబరు. వేలికే గుర్తుంది.

మూడోసారి తిప్పింది.

నాలుగు మోతల తర్వాత వెర్నా ఎత్తింది. ఆమె వెనక కొర్నీ ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు. "ఆగు కొర్నీ, ఒక్క నిమిషం... హలో?"

"ఎల్ఫ్రీడాని."

"ఎల్ఫ్రీడా!" అంది వెర్నా. గొంతులో అలసటా, ఆశ్చర్యమూ, ఇంకేదో భయం లాంటిదీ ఉన్నాయి. వెర్నా పంపిన గొలుసు కబురేదీ లేకుండా ఈ నాలుగు నెలల్లో ఆ ఇద్దరి మధ్యా ఫోన్ మోగడం ఇదే మొదలు.

"గొలుసు నా దాకా వచ్చింది" అంది ఎల్ఫ్రీడా. గొంతు కఠినంగానే ఉంది. దాన్ని మెత్తబరచాలని ఆమె ప్రయత్నించలేదు.

"గొలుసా? నేనేమీ పంపలేదే. ఎవరి కోసం?"

పొయ్యి పక్కన తువ్వాలు కింద రొట్టెలు పొంగుతున్నాయి. ఎల్ఫ్రీడా ఖాళీ చేత్తో కుర్చీని ఫోన్ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నీ కోసం" అంది.