పళ్లు రాని హ్యాకర్

హర్తాల్ అని బంద్ చేసిన రోజు పసిపిల్లల క్రెష్ తెరవరు. మా ఇల్లు ఆఫీసుకు నడిచే దూరమే కాబట్టి నాకు సెలవూ ఇవ్వరు. అందుకని నెలల పిల్లాడు, నా కొడుకు కుట్టును ఒళ్లో పెట్టుకుని పనికి కూర్చున్నాను. వాడికి ఏసీ గాలి పడదేమో, ఏడిస్తే నా ఉద్యోగం ఊడుతుందేమో అని ఒకటే బెంగ. ప్లస్ టూ మధ్యలో మానేసిన దానికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

తిరువనంతపురంలో సహకార బ్యాంకుల లెక్కలు భద్రపరిచే చిన్న కంపెనీ మాది. కాపీలు సరిగా పడ్డాయో లేదో రోజూ ఒక ఫైలు తెరిచి చదవడం నా పని. ఆ ఫైలు చదవడానికి మాత్రం దివాకరన్ సార్ తన అధికారం నాకు అరువిచ్చారు. సర్వర్‌కు ఆయనే రాజు.

"చదువుకో. అంతకుమించి ఈగను కూడా తోలలేవు" అన్నారు అరువిచ్చిన రోజు గర్వంగా.

కుట్టు ఒక చేత్తో షిఫ్ట్, ఇంకో చేత్తో ఒకటి అంకె నొక్కి ఆశ్చర్యార్థకం కొట్టాడు. నేను ఆపేలోపే ఎంటర్ కూడా కొట్టేశాడు. తెర మీంచి ఫైలు మాయమైంది. రోజూ కనబడే డాలర్ గుర్తు బదులు, సార్ తెర మీద మాత్రమే ఉండే హ్యాష్ గుర్తు వచ్చింది. అంటే ఇక ఏం కొట్టినా సార్ కొట్టినట్టే. ఒక్క ఆజ్ఞతో లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వాడి చేతులు రెండూ పట్టుకున్నాను. వాడు కాలెత్తాడు.

"సార్! తొందరగా రండి!"

"ఏంటి షైనీ, డైపరా?"

"వీడు మీరైపోయాడు సార్."

ఆయన నవ్వుతూ వంగి, నేనెవర్ని అని సర్వర్‌ను అడిగారు. రూట్, అంది అది. అంటే సర్వాధికారి. సార్ నవ్వు ఆగిపోయింది.

"ఎవరు నేర్పారు నీకు?"

"నాకెవరు నేర్పుతారు సార్? కొట్టింది వీడు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "చదివే ప్రోగ్రామ్ లోపల్నుంచే ఆజ్ఞలు కొట్టే షెల్ తెరవొచ్చని మర్చిపోయాను. నువ్వు చదివేది నా అధికారంతో కదా, షెల్ కూడా దాంతోనే తెరుచుకుంది." గొంతు తగ్గించారు. "రిపోర్టులో ఆపరేటర్ అజాగ్రత్త అని రాసేద్దాం."

"మిమ్మల్నయితే మేనేజర్ తిట్టి ఊరుకుంటాడు. నన్నయితే పీకేస్తాడు. వీడి పాలడబ్బా మీరు కొంటారా?"

"పోనీ, ఆరితేరిన హ్యాకర్ అని రాయనా?"

"పళ్లు కూడా రాని హ్యాకర్ అని రాయండి. ఉన్నమాటే కదా!"

సార్ మూతి ముడుచుకుని రాశారు: 'అనుమతి ఇచ్చిన తీరులో లోపం. ఇచ్చింది నేను.' చదివే ప్రోగ్రామ్ ఇంకేదీ తెరవకుండా కట్టడి చేశారు. కుట్టు చేత మళ్లీ అవే మీటలు కొట్టించాం. హ్యాష్ రాలేదు.

రిపోర్టు పట్టుకుని వెళ్తూ మేనేజర్ గది తలుపు దగ్గర సార్ ఆగారు. "వాణ్ని కూడా ఇలా ఇవ్వు. పిల్లాణ్ని చూస్తే కాస్త తక్కువ తిడతాడు."

"ఇవ్వను సార్. వీడికింకా మాటలు రాలేదు. మొదటి మాటే బూతు నేర్చుకుంటాడు."