రెండు పిండాలు

కొడుకు శివ చనిపోయి ఏడు నెలలైనా అతని ఫోనుకు మంగమ్మ రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉంది. దానికి ఎవరూ చెయ్యరు. ఆ బుధవారం మధ్యాహ్నం పిడుగురాళ్ల సున్నపు బట్టీ దగ్గర్నించి అన్నానికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆ ఫోను మోగింది.

"నరసరావుపేట సంతాన కేంద్రం నుంచండీ. నాగలక్ష్మి గారు ఫోనెత్తడం లేదు. ఫైల్లో రెండో నంబరు ఇదే ఉంది. శుక్రవారం పదిన్నరకి వచ్చి సంతకం పెట్టమని చెప్పండి. పిండాలు తీసేసే కాగితం రెడీగా ఉంది."

మంగమ్మకు అర్థం కాలేదు. కృష్ణ ఒడ్డున సత్రశాల రేవులో కొడుక్కి పిండాలు పెట్టించింది తనే.

"ఏ పిండాలమ్మా?"

"ఫ్రీజింగ్‌లో పెట్టినవండీ. భార్యాభర్తలవి. ఇంకా రెండున్నాయి."

ఫోను పెట్టేశాక మంగమ్మ గడపలో కూర్చుండిపోయింది. కుండలో అన్నం కుండలోనే ఉండిపోయింది.

శివ క్వారీలో టిప్పర్ నడిపేవాడు. పెళ్లయిన ఏడేళ్లలో పిల్లలు కలగలేదు. నరసరావుపేట తిరిగారు, సూదులు పొడిపించుకున్నారు, రెండుసార్లు కడుపులో పెట్టించుకున్నారు. రెండుసార్లూ నిలవలేదని మంగమ్మకు తెలుసు. మిగిలినవి ఉన్నాయని మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు. టిప్పర్ తిరగబడి శివ పోయాక, కోడలు నాగలక్ష్మి మూడో నెలలోనే రొంపిచెర్లలో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కణ్నించి రోజూ నరసరావుపేటలో బట్టల కొట్టుకు పనికి పోతోంది.

"నా కొడుకు పోలేదు. ఇంకా ఉన్నాడు," అనుకుంది మంగమ్మ. శుక్రవారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

మర్నాడు బట్టీకి నాగా పెట్టి గురజాల వెళ్లింది. శివ యాక్సిడెంటు కేసు చూసిన ప్లీడరు బెంజిమిన్ కోర్టు ఆవరణలో టీ తాగుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నా కొడుకు బిడ్డలు సారూ. నాకు హక్కు లేదా?"

"శివ పేరున పొలం ఉంటే నీకూ భాగం వచ్చేది మంగమ్మా. ఇయ్యి పంచుకునే ఆస్తి కాదు. పుట్టిన బిడ్డలూ కాదు. ఈ విషయంలో చట్టం మొగుడూ పెళ్లాల సంతకాలు చూసిద్ది. ఒకరు పోతే ఏం చెయ్యాలని ముందే రాసిచ్చారో అది చూసిద్ది. నాయనమ్మకి ఆ కాగితంలో చోటు లేదు."

"కోర్టులో ఏసి ఆపుదాం."

"ఎయ్యొచ్చు. నిలబడదు." బెంజిమిన్ గ్లాసు పక్కన పెట్టాడు. "నిలబడిందే అనుకో. ఎవరి కడుపులో పెడతావు?"

అయినా శుక్రవారం తొమ్మిదింటికల్లా నరసరావుపేటలో ఆ కేంద్రం మెట్లెక్కి, డాక్టరు గది తలుపుకు అడ్డంగా నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమని నర్సు చెబితే వినలేదు.

నాగలక్ష్మి వచ్చి అత్తను చూసి ఆగిపోయింది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏందే? నా కొడుకుని రెండోసారి చంపటానికి వచ్చావా?"

వరసగా కూర్చున్న ఆడవాళ్లంతా తలలు తిప్పారు. ఒకామె చేత్తో తన పొట్టను కప్పుకుంది. నాగలక్ష్మి వెనక్కి తిరగలేదు. "లెగు అత్తా. లోపలికి పోవాల."

"లెగను. నన్ను దాటి పో."

గొడవ విని డాక్టరు నౌషీన్ తలుపు తీసింది. "నాగలక్ష్మీ, ఈమె ముందు మాట్లాడమంటావా? నువ్వు వద్దంటే నేను ఒక్క ముక్క చెప్పను."

"రానీయండి మేడం," అంది నాగలక్ష్మి.

లోపల బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. దంపతుల్లో ఒకరు చనిపోతే ఏం చెయ్యాలనే చోట, నిర్ణయం నా భార్యది అని ఉంది. డాక్టరు అది చదివి వినిపించింది. కింద శివ సంతకం, వంకరగా, లారీ పర్మిట్ల మీద పెట్టినట్టే. ఆ పక్కనే ఈ రోజు కాగితం, దాని మీద పెన్ను. మంగమ్మ చప్పున ఆ కాగితం లాక్కుని గుండెకు హత్తుకుంది.

"నా కోడలు మొయ్యకపోతే ఇంకెవరి కడుపులోనన్నా పెట్టండి. నేను పెంచుకుంటా."

"ఆమె ఒప్పుకోకుండా ఎవరికీ పెట్టలేనమ్మా. పెడితే నేను జైలుకి పోతాను."

"ఆడా మగా? అదన్నా చెప్పు."

"చూడలేదు. చూడకూడదు." డాక్టరు నాగలక్ష్మి వైపు తిరిగింది. "తొందరేం లేదు. ఇంకో ఆరేళ్లు ఉంచుకోవచ్చు. ఆలోచించుకుని రా."

"ఇన్నావా? ఆరేళ్లంట!" మంగమ్మ కోడలి వైపు తిరిగింది. "ఉంచవే. నీ కాళ్లు పట్టుకుంటా. ఊరికే ఉంచు."

"ఉంచితే ఏడాదికోసారి నువ్వొచ్చి అడుగుతావు. నేను కాదంటా. ఆరేళ్లూ నీ కళ్లలో హంతకురాల్ని నేనే." నాగలక్ష్మి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. "రెండోసారి నిలబడింది అత్తా."

"ఏంది?"

"నిలబడింది. నీకు చెప్పలా. ఎనిమిది వారాలకి పోయింది, మన బాత్‌రూంలో. నువ్వు బయట మంచమ్మీద కూసోని, ఈసారి ఖాయం అని పక్కింటామెతో అంటన్నావు. నేను నోట్లో చీర కుక్కుకున్నా. ఆయన డ్యూటీ నించి వచ్చి నేలంతా కడిగాడు. నీకు తెలీకూడదని నా లంగాలు కూడా ఆయనే ఉతికాడు. ఆయనున్నాడని ఓర్చుకున్నా అత్తా. ఆయన లేకుండా ఆయన బిడ్డని మొయ్యటం నా వల్ల కాదు. చానా ఆలోచించా. కాదు."



ఆ రోజు మంగమ్మకు గుర్తుంది. శివ బకెట్లతో నీళ్లు మోస్తుంటే, పెళ్లానికి చాకిరీ చేస్తున్నావా అని తనే ఎగతాళి చేసింది. వాడు నవ్వాడు కూడా.

"నాకు చెప్పాల్సింది," అంది చివరికి.

"చెబితే ఏం చేసేదానివి?"

అబద్ధం చెప్పాలనుకుంది. నోరు రాలేదు. బరువులెత్తావని తిట్టేది. ఆ ఏడుపుతో వీధంతా చాటేది.

గుండెకు హత్తుకున్న కాగితం చెమటకు తడిసింది. మంగమ్మ దాన్ని బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేసి, కోడలి ముందుకు జరిపింది. "పెట్టు," అంది. నాగలక్ష్మి సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఎప్పుడు తీస్తారు?" మంగమ్మ అడిగింది.

"సోమవారం పొద్దున," అంది డాక్టరు. "నొప్పేమీ ఉండదమ్మా వాటికి." ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియనట్టు ఫైలు మూసేసింది.

బస్టాండు దాకా అత్తాకోడళ్లు ఒకరి వెనక ఒకరు నడిచారు. పిడుగురాళ్ల బస్సు ముందొచ్చింది. మంగమ్మ వెనక్కి చూడకుండా ఎక్కింది. కోపం పోలేదు. అది ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

సోమవారం మంగమ్మ బట్టీకి పోలేదు. మొదటి బస్సెక్కి రొంపిచెర్లలో దిగింది. నాగలక్ష్మి కూడా కొట్టుకు పోలేదు. వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అత్తను చూసి లేవబోయింది.

"కూసో," అంది మంగమ్మ. తనూ పక్కన చతికిలబడి, లోపలున్న వియ్యపురాలికి వినబడేలా కేకేసింది. "వదినా, దీనికి అన్నం పెట్టు. పొద్దుట్నించీ ఏం తిని ఉండదు."

"నీకో?" లోపల్నించి అడిగిందామె.

"నాకూ పెట్టు."

ఇద్దరూ ఒకే పీట మీద కంచాలు పెట్టుకుని తిన్నారు. తొమ్మిదైంది, పదైంది. కేంద్రంలో ఈపాటికి తీసేసి ఉంటారన్న మాట ఇద్దరిలో ఒకరూ ఎత్తలేదు.