దొరసాని వేషం

ధనమ్మ చూసిందట. చూసి ఊరుకోక లక్ష్మమ్మ చెవిలో వేసిందట. లక్ష్మమ్మ ప్రార్థన కూటం నుంచి వస్తూ వస్తూ దారిలో ప్రేమమ్మను ఆపిందట. "ప్రేమక్కా, మీ కోడలు నొసట బొట్టు వెట్టుకున్నదంట గద, ఎర్రగ, ఇంత లావు! పట్నంల సదువుకునే పిల్ల, ఎవనితోనన్న..." అని సగంలో ఆపి, మిగతా సగం కళ్ళతో చెప్పిందట.

ఆ సంగతంతా అత్త ప్రేమమ్మ, జొన్నలు చెరుగుతున్న కరుణ ముందు కూర్చుని చెప్పింది. కళ్ళలో పొరలొచ్చి చూపు ఆనదు కనుక కోడలి ముఖానికి కాక చేటకు చెప్పినట్టు చెప్పింది.

"నిజమేనా బిడ్డా? నువ్వు వెట్టుకున్నా నాకైతే కానరాదు."

"నాటకానికి వెట్టుకున్న అత్తమ్మా. దొరసాని ఏషం నాది. దొరసాని బోడి నొసటితోని కూసుంటదా?"

"గదే అన్న నేను, ఏషమై ఉంటదని. గా ధనమ్మ నోరు మూస్తే గద!"

అత్త లేచిపోయింది. కరుణ చేతిలో చేట ఆగలేదు గాని మనసు ఒక్కచోట ఆగిపోయింది. ధనమ్మ ఎక్కడ చూసింది? క్రైస్తవ సంఘంలో ఆడదాని నుదురు బోసిగా ఉండాలన్న సంగతి తనకు తెలియంది కాదు. శనివారం చేవెళ్ల బడిలో వేషాలతో రిహార్సల్ అయ్యాక కొబ్బరినూనెతో ఎంత రుద్దినా కుంకుమ మరక పోలేదు. అందుకే కొంగు కనుబొమల దాకా లాక్కుని బస్సెక్కింది. మొయినాబాద్‌లో దిగి తమ ఊరు హిమాయత్‌నగర్ దాకా నడిచినంతసేపూ దించలేదు. పైగా ధనమ్మ ఆ రోజు కనకమామిడిలో కూతురింట్లో ఉంది. కొంగు దించింది ఒకే ఒక్కచోట, తన ఇంట్లో, ముఖం కడుక్కోబోయే ముందు. అప్పుడు ఇంట్లో ఉన్నది చూపు ఆనని అత్త, చూపు బాగా ఆనే మొగుడు.

స్వామిదాసు ఆ మరక చూసి నవ్వాడు. "మంచిగున్నవ్ దొరసానీ" అన్నాడు. ఆ మాటకు ఆ పూటంతా ఆమె ఒళ్ళు తేలికగా ఉంది. ఇప్పుడా నవ్వును చేటలో వేసి చెరిగితే పొల్లు ఎంత, గింజ ఎంత అని అనుమానం పట్టుకుంది.

తన చదువు మిషన్ ఇచ్చే సేవా స్కాలర్‌షిప్ మీద నడుస్తోంది. వారమంతా రోజూ బస్సులో పట్నం పోయి వచ్చి చదువు, శనాదివారాలు చేవెళ్లలో సేవ. సేవ అంటే పల్లెల్లో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడమని మొదట చెప్పారు. వెళ్ళిన మొదటి శనివారమే పాస్టరు సాముయేలు అయ్యగారి భార్య విమలమ్మగారు, "ఇయ్యాల చుట్టాలొచ్చిన్రు, జర చెయ్యి సాయం చెయ్యి బిడ్డా" అన్నది. ఆ చుట్టాలు ఈనాటికీ పోలేదు. పోయినేడు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డాయి, పరీక్షలు ఆగాయి, ఏడాది చదువు మట్టిలో కలిసింది. సేవ మాత్రం మూతబడలేదు. బస్సులు బంద్ అయిన రోజుల్లో ఎడ్లబండి పట్టుకుని పోయి మరీ గిన్నెలు తోమింది. అదే స్కాలర్‌షిప్ మీద చదివే మాణిక్యానికి సేవంటే ఆరాధనలో వాక్యం చదవడం, తర్వాత అయ్యగారి పక్కన కుర్చీలో కూర్చుని ఛాయ్ తాగడం. నాటకంలో దొర వేషం అతనిదే.

కాలేజీలు తెరిచాక, పోయిన ఏడాది కడుపుమంటంతా కలిపి చుట్టుపక్కల ఊళ్ళ కాలేజీ పిల్లలు కట్టుకున్న నాటకం అది. గిన్నెలు తోమిన చేతులతోనే వెళ్ళి, రిహార్సల్‌లో గొంతెత్తి మాట్లాడుతుంటే ఇంత గొంతు తనలో ఎక్కడుందా అని ఆమెకే ఆశ్చర్యం.

ఆ సాయంత్రం స్వామిదాసు బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ అన్నాడు. "ఆదివారం ఆరాధన అయినంక అయ్యగారు మనల్ని రమ్మన్నరు. ఏం లేదు, ఫికర్ చెయ్యకు. తలకాయ ఊపి సరే అను."

"దేనికి సరే అనాలె?"

"ఏదంటే దానికి."

స్వామిదాసు పంతులుగా ఉన్న మిషన్ బడిలో హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ అయింది. దాన్ని నింపేది సాముయేలు అయ్యగారే.  కరుణ అన్నం వడ్డిస్తూ మొగుడి ముఖాన్ని, కొత్తగా కొన్న కుండను చూసినట్టు ఎక్కడ కారుతుందా అని చూసింది.

ఆదివారం అయ్యగారింట్లో అయ్యగారు, మాణిక్యం, స్వామిదాసు, మగవాళ్ళు ముగ్గురూ కుర్చీల్లో ఉన్నారు. కరుణ గడప దాటిందో లేదో విమలమ్మగారు అలవాటుగా, "కరుణా, జర ఛాయ్ వెట్టు" అన్నది. కరుణ కదల్లేదు.

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "మిషన్ నిన్ను సదివిపిచ్చేది సేవ కోసం. బొట్టు వెట్టుకుని ఎగిరేటందుకు కాదు."

"ఎవరు చూసిన్రయ్యగారూ?"

అయ్యగారి చూపు స్వామిదాసు మీద పడింది. స్వామిదాసు చూపు తన కాళ్ళ మీద పడింది. ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

"మాణిక్యం మూడు నామాలు వెట్టుకున్నడు గద. ఆయనను అడిగిన్రా?"

మాణిక్యం కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"మగపిల్లగాడు. కడుక్కుంటే పోతది" అన్నాడు అయ్యగారు. "మాటలొద్దు. నాటకమన్న మానుకో, స్కాలర్‌షిప్పన్న వదులుకో. రేపు మిషన్‌కు రాయాలె."

"మానుకుంటదయ్యగారూ" అన్నాడు స్వామిదాసు గబగబా. "నేను చెప్తగా. ఏం కరుణా?"

ఇంకొక్క ఏడాది చదివితే డిగ్రీ. ఆమె కొంగు నుదుటి మీద నుంచి వెనక్కి తోసుకుంది. మాట నాటకంలో వచ్చినంత తేటగా వచ్చింది.

"బడిల దొరసాని ఏషం ఒక్క పూట ఏసిన అయ్యగారూ. మీ వంటింట్ల పనిమనిషి ఏషం రెండేండ్ల సంది ఏస్తున్న. ఏ ఏషం మానుకోమంటరు?"

ఛాయ్ గిన్నె వెలిగించని పొయ్యి పక్కనే ఉండిపోయింది.