లావు నుంచి సన్నానికే

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే ఆయన్ని తెలిసినవాళ్లంతా ‘కదలకండి’ అనే పిలిచేవారు. వచ్చిన ప్రతివాణ్ణీ “కదలకండి, ఊపిరి బిగబట్టండి” అని అదమాయిస్తూ, తను మాత్రం అద్దం వెనక నిలబడి ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి గంతులేసే మనిషికి ఇంతకంటే అతికే పేరు దొరకదు. కూర్చుంటే కాలు ఊగేది, పడుకుంటే మంచం ఊగేది, నిర్ణయం తీసుకోమంటే మనసు ఊగేది.

ఆ రోజు ఆయనకి మూడూ ఊగుతున్నాయి. క్యామ్ తెమలక మనిషి కామ్‌గా ఉండలేకపోతున్నాడు.

షెడ్డులో ఉన్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మామగారిది. ఆయన పోతూ పోతూ కారు కూతురికిచ్చి, దాని రోగాలు అల్లుడికిచ్చారు. ఈమధ్య తేలిన రోగం క్యామ్‌షాఫ్ట్, పొట్టిగా క్యామ్, అరగడం. అదో ఇనుప కడ్డీ. దాని ఒంటి నిండా కోడిగుడ్డులాంటి బుడిపెలు. మెకానిక్కులు లోబులంటారు. కడ్డీ తిరుగుతుంటే లోబులు వాల్వుల్ని తలుపుల్లా తెరుస్తాయి, ఇంజిన్ ఊపిరి పీలుస్తుంది. లోబు లావైతే తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. అప్పుడు కారు పరుగులో గుర్రం, నిలబెడితే ఉబ్బసం రోగి. లోబు సన్నమైతే నిలబడ్డచోట బుద్ధిమంతుడు, పరుగులో బద్ధకస్తుడు. లోబు లావు చేయించాలన్న లోభం ఎవరికుండదు?

క్యాములు చెక్కే మాస్టారు మూడు రకాలు చెప్పాడు. ఒకటి సన్నం, రెండు మధ్యస్థం, మూడు బాగా లావు, రేసుది. “ఆ ఇంజిన్‌కి సరిపోయే, ఇంకా చెక్కని కడ్డీ నా దగ్గర ఒక్కటే మిగిలింది. ఇప్పుడెవరూ పోత పొయ్యట్లేదు. ఆలోచించుకుని చెప్పండి” అన్నాడు. ఆలోచించుకొమ్మని ఆయనకి చెప్పడమంటే అగ్గిపుల్లకి ఆరిపొమ్మని చెప్పడమే. ముందు భగ్గుమంటుంది.

పొద్దున్న బయల్దేరేటప్పుడు భార్య గుమ్మంలో ఆపింది.

“ఏవండీ, మీరేం పెట్టించుకుంటారో నాకు తెలీదు. చౌరస్తాలో ఎర్రలైటు పడితే అది నిలబడాలి. పోయినసారి వెనక బస్సువాడు హారన్ మోగిస్తుంటే నేను దిగి తోశాను. ఇంకోసారి అలా అయిందో, అమ్మేస్తాను. నాన్న కారైనా సరే.”

“ఆగదులేవే!”

“ఆగాలి. ఆగిపోకూడదు.”

ఆ రెంటికీ తేడా ఎంతో ఆయనకి తెలుసు. అమ్మేస్తానంటే అమ్మేసే మనిషనీ తెలుసు.

ఆస్పత్రికి రాగానే మాస్టారుకి ఫోన్ చేసి “ఒకటి” అన్నాడు. చేతికి కట్టుతో వచ్చిన ముసలాయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, మళ్లీ ఫోన్ చేసి “రెండు” అన్నాడు. ఇంతలో బామ్మర్ది ఫోన్.

“బావా! సన్నం లోబు పెట్టిస్తే అది స్పోర్ట్స్ కారు కాదు, కూరగాయల బండి. నా మోటార్‌సైకిలుకి రేసు క్యామే వేయించా. ఎగురుతోందనుకో!”

ఎగురుతోంది అన్న మాట చెవిలో పడ్డాక కాలు ఆగుతుందా? మాస్టారుకి ఫోన్ చేసి “మూడు! మూడే ఖాయం!” అని అరిచాడు.

బల్ల మీది ముసలాయన ముఖం పాలిపోయింది. “మూడు ఎముకలు విరిగాయా బాబూ?”

“అబ్బే, మీ ఎముక భేషుగ్గా ఉంది. కదలకండి!” అన్నాడు ఈయన, తనే కదులుతూ.

మధ్యాహ్నానికి ఎర్రలైటు కళ్ల ముందు వెలిగింది. వెనక బస్సు. దిగి తోస్తున్న భార్య. వెంటనే ఫోన్ చేశాడు. మాస్టారు ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మోగి మోగి ఆగింది. అంటే సానరాయి తిరుగుతోంది! ఉన్నది ఒక్కటే కడ్డీ! సెలవు చెప్పి, బామ్మర్దిని పిలిచి మోటార్‌సైకిలెక్కాడు.

బండి నిజంగానే ఎగిరింది, మొదటి సిగ్నల్ దాకా. అక్కడ డగ్ డగ్‌మని దగ్గి చచ్చింది.

“ఏంట్రా ఇది?”

“ఆగితే ఆగిపోతుంది బావా. రేసు క్యామ్ కదా! కొంచెం తొయ్యి.”

తోశాడు. రెండో సిగ్నల్ దగ్గరా తోశాడు. మూడోది కనిపించగానే ఇద్దరూ చెప్పుకోకుండానే ముందే దిగారు.

“ఎగురుతోందన్నావు కదరా!”

“ఆ మాటే చెప్పా, ఈ మాట అడిగావా నువ్వు? అక్కకి మాత్రం చెప్పకు.”

చెమటలు కక్కుతూ వెళ్లేసరికి షాపులో సానరాయి ఆగి ఉంది. వేడెక్కకుండా పోసే పాలనీళ్లలాంటి కూలెంట్ ఇంకా కడ్డీ మీంచి బొట్లుబొట్లుగా కారుతోంది. మాస్టారు చేతులు తుడుచుకుంటూ “అయిపోయింది. మూడు” అన్నాడు.

ఆయన కాళ్లు మొట్టమొదటిసారి కదలడం మానేశాయి.

“కొంప మునిగింది మాస్టారూ! నాకు రెండు కావాలి.”

“అయితే రెండు చేద్దాం. దానికంత ఏడుపెందుకు?” మాస్టారు నవ్వాడు. “తీసిన ఇనుము అతకదు కానీ, ఉన్న ఇనుము తీయొచ్చు. లావుని సన్నం చేస్తాను, సన్నాన్ని లావు చెయ్యలేను. మీరు ఒకటి అన్నప్పుడే చెక్కి ఉంటే ఇవాళ చేతులెత్తెయ్యాల్సిందే. మీ గొంతు విని మూడు దాకా ఆగాను.”

“అంటే ఇంకా మనసు మార్చుకోవచ్చా?”

“కిందికి మాత్రమే. తగ్గడమే కానీ మళ్లీ లావెక్కడం ఉండదు. మన ఒంటికి పట్టని భాగ్యం, ఇనుముకి పట్టింది.”

“రెండోది ఎర్రలైటు దగ్గర నిలబడుతుందా?”

“నిలబడుతుంది. కాస్త గునుస్తుంది.”

ఆ ‘కాస్త’ ఎంత? ఒకటి చేయిస్తే గునుపే ఉండదు. కానీ ఆ తర్వాత జన్మంతా ‘రెండు చేయిస్తే బావుండేదేమో’ అని తను గునవాలి. ఇటు నుంచి అటు తిరిగే దారి లేదు. “రెండే” అన్నాడు. సానరాయి తిరిగింది. ‘ఒకటి’ నాలుక చివరికొచ్చి కూర్చుంది. చేతులు జేబుల్లో కుక్కుకుని, ఊపిరి బిగబట్టి, తనకి తనే చెప్పుకున్నాడు: కదలకండి.

రాయి ఆగేదాకా కదల్లేదు. బామ్మర్ది భయపడి “బావా, బానే ఉన్నావా?” అని గిల్లి చూశాడు.

మెకానిక్కు కడ్డీ బిగించి ఇంజిన్ మూసిన సాయంత్రం భార్యే స్టీరింగ్ పట్టింది. చౌరస్తాలో, కోరి తెచ్చుకున్నట్టు, ఎర్రలైటు పడింది. వెనక బస్సు వచ్చి ఆగింది. కారు ఆగింది. ఇంజిన్ గుడగుడమంది, ఒకసారి తూలింది, మళ్లీ సర్దుకుంది. ఆయన సీటు అంచు పట్టుకున్నాడు.

“నాన్న ఉన్నప్పుడు ఇలా ఊగేది కాదు” అంది భార్య.

ఆయన ఆమె వైపు తిరిగాడు. “అమ్మేస్తావా?”

ఆమె పెడలు మీంచి కాలు తీసేసి వింది. ఇంజిన్ తూలుతూనే ఉంది. ఆగిపోవడం మాత్రం లేదు.

“ఒక్కచోట నిలబడలేకపోతోంది పాపం, అయినా నిలబడింది” అంది. “ఇంట్లో ఒకర్ని భరిస్తున్నా కదా, షెడ్డులో ఇంకొకటి.”

పచ్చలైటు పడింది. ఆమె తొక్కింది. ఆయన వీపు సీటుకి అతుక్కుపోయింది. వెనకాల బస్సువాడికి హారన్ కొట్టే అవకాశమే రాలేదు.

“ఏవండీ,” అంది తర్వాతి మలుపు దగ్గర, “మీరన్న ఆ మూడోది ఇంకా బాగా లాగేదా?”

ఆయన కాలు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.