పద్మనాభం కాలు, జెస్సీ సూదులు

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారి పద్మనాభానికి పగవాడికి కూడా రాకూడని చిక్కొచ్చిపడింది. కూతురు నిహారికకి సంబంధం కుదిరింది, ముహూర్తం కుదిరింది, మండపం కూడా కుదిరింది. కాలొక్కటే మొరాయించింది. నడుములో మొదలైన నొప్పి పిక్క దాకా జివ్వున లాగేస్తోంది. కింద కూర్చోవాలంటే ప్రాణం పోతోంది. మరి పీటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోకుండా కన్యాదానం చేసేదెలా?

"ఇప్పుడందరూ కుర్చీల్లో కూర్చునే కానిచ్చేస్తున్నారండీ," అంది భార్య నాగమల్లేశ్వరి.

"పిల్లనిచ్చేవాడు కుర్చీలో కూర్చుంటాడుటే? నేనేవన్నా సినిమా టిక్కెట్లు అమ్ముతున్నానా?" అని కసిరాడు.

నిజానికి ఆయన మంటంతా తమ్ముడి మీద. నల్లజర్లలో ఎరువుల కొట్టు పెట్టుకున్న గిరిధర్ పరామర్శకొచ్చి, "అవసరమైతే నేనూ మా ఆవిడా కూర్చుంటాం అన్నయ్యా," అనేసి వెళ్ళాడు. గిరిధర్‌కి ఇద్దరూ మగపిల్లలే. "చూశావా! కన్యాదాన ఫలం మీద కన్నేశాడు. పుణ్యంలో కూడా వాటా కావాలిట వీడికి!" అని పద్మనాభం పళ్ళు నూరాడు. కబురు పంపాడు కూడా, అక్కర్లేదని.

ఏలూరు డాక్టరు గారు స్కాను చూసి, నరం ఒత్తుకుంటోంది, ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం చెయ్యండి, నెమ్మదిగా తగ్గుతుందన్నారు. ఆ నెమ్మదే లేదు కదా మనవాడికి! ఇక మార్కెట్లో ప్రతివాడూ వైద్యుడే. ఒకాయన వావిలాకు కాపడం అన్నాడు, ఇంకొకాయన వెల్లుల్లి పాలన్నాడు, మూటలు మోసే తాతాజీ ఆముదం తాగమన్నాడు. పద్మనాభం దేన్నీ కాదనలేదు. నొప్పి తగ్గలేదు గానీ, ఆయన వస్తున్నాడంటే వీధి చివరే వాసనొచ్చేది.

చివరికి నిహారికే తండ్రిని జెస్సీ దగ్గరికి లాక్కెళ్ళింది. జెస్సీది కొల్లేటికోట. చేపల చెరువుల్లో వలలు లాగి లాగి నడుములు పోగొట్టుకున్నవాళ్ళ మధ్య పెరిగిన పిల్ల. ఫిజియోథెరపీ చదివి, ఆక్యుపంక్చర్ కూడా నేర్చుకుని, స్టేషన్ రోడ్డులో ఒక గది తీసుకుంది.

సూదులనగానే పద్మనాభానికి గోనెసంచులు కుట్టే దబ్బనం గుర్తొచ్చి, పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే వెంట్రుకంత ఉంది. దాంతో భయం పోయి అనుమానం పట్టుకుంది.

"ఇంతేనా అమ్మా? ఇంకాస్త లావు సరుకు లేదూ?"

"ఉందండీ. చైనా పద్ధతిలో కాస్త లావువి, లోతుగా పెడతారు. జపాను పద్ధతిలో ఇలా సన్నవి, పైపైన పెడతారు. ఒక్క చెవికే పెట్టే పద్ధతీ ఉంది. మీరు సూదిని చూస్తేనే బిగుసుకుపోతున్నారు కదా, మీకు ఇవే మంచివి."

"పోనీ, పెళ్ళి దాకా పెట్టాల్సినవన్నీ ఇవాళే పెట్టెయ్. హోల్‌సేలుగా."

జెస్సీ పకపకా నవ్వింది. "ఒంటికి హోల్‌సేలు కుదరదండీ బాబాయి గారూ. నయం చేసేస్తానని మాట కూడా ఇవ్వను. నొప్పి తగ్గొచ్చు. తగ్గితే మీరు కదలాలి. డాక్టరు గారు చెప్పిన వ్యాయామం మానకండి. పొద్దున్నే నడవండి, పడుకున్నప్పుడు మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి. వావిలాకు కాపడం పెట్టుకోండి, వెచ్చగా హాయిగా ఉంటుంది. ఆ ఆముదం తాగడం మాత్రం ఆపండి, మీకు పుణ్యముంటుంది."

వెళ్ళగా వెళ్ళగా పద్మనాభానికి నిద్ర పట్టడం మొదలైంది. నడక కాస్త సాఫీ అయింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా? ఒక ఆదివారం కొట్టు మూసి, దేవుడి గదిలో పీట వేసుకుని రిహార్సల్ మొదలెట్టాడు. కాలు వద్దంటున్నా వినకుండా, భోజనాల వేళ దాకా మొండిగా కూర్చున్నాడు. లేవబోతే కాలు పట్టేసింది. ఆయన పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

జెస్సీ ఇంటికొచ్చి చూసి మండిపడింది. "మీ అమ్మాయి పెళ్ళిలో కూర్చుంటారా, ఇవాళే కూర్చుని ముచ్చట తీర్చేసుకుంటారా?"

పద్మనాభం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "దాని చెయ్యి నా చేతుల్లోంచే వెళ్ళాలమ్మా. ఇంకేం అక్కర్లేదు నాకు."

జెస్సీ సూదుల పెట్టె తెరిచింది. పక్కన కూర్చుని, మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టింది. ఆ రోజు నుంచి సాయంత్రం గది మూసి నేరుగా వాళ్ళింటికే వచ్చేది. పీట మీద దుప్పటి మడతపెట్టి నడుము ఎత్తులో ఉండేలా కూర్చోవడం నేర్పింది. ఎంతసేపు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో కూడా తనే చెప్పేది.

పెళ్ళిరోజు రానే వచ్చింది. పద్మనాభం దేవుణ్ణి తలుచుకుని పీట మీద కూర్చున్నాడు. కాలు చిమచిమలాడింది గానీ పట్టెయ్యలేదు. వెనక్కి చూస్తే గిరిధర్, మరదలు పట్టుబట్టలు కట్టుకుని సరిగ్గా ఆయన వెనకే నిలబడి ఉన్నారు. "గద్దలా కాచుకున్నాడు! నీకా అవకాశం ఇస్తానా?" అనుకుని ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

అల్లుడి కాళ్ళు కడిగాడు. నిహారిక చేతిని అల్లుడి చేతిలో పెట్టాడు. నాగమల్లేశ్వరి నీళ్ళు పోస్తుంటే ధార ఆయన వేళ్ళ మీదుగా జారింది. పురోహితుడు చెప్పమన్న మంత్రాల మధ్యలో, "నీ చేతులు చల్లగుండాలి జెస్సీ తల్లీ," అని కూడా అనేసుకున్నాడు.

లేవబోతుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. గిరిధర్‌ది. చల్లబడిపోయి వణుకుతోంది.

"ఏంట్రా ఇది, జ్వరమా?"

"ఏం లేదన్నయ్యా."

"ఏం లేకపోవడమేమిటండీ!" అంది నాగమల్లేశ్వరి గొంతు తగ్గించి. "రాత్రి నుంచీ వాళ్ళిద్దరూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మనతో పాటే ఉపవాసం. తిన్నవాళ్ళు పీటల మీదకి పనికిరారు కదా! మీ కాలు మధ్యలో పట్టేస్తే ముహూర్తం తప్పకూడదని. మీకు చెబితే అధైర్యపడతారని నా నోరు కట్టేశారు."

పద్మనాభం తమ్ముడి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎన్నెన్ని మాటలన్నాడు! తమ్ముడి చెయ్యి వదలకుండానే భోజనాల దగ్గరికి నడిచాడు. మరదల్నీ, దారిలో కనిపించిన జెస్సీనీ కూడా పిలుచుకొచ్చి, ముగ్గుర్నీ వరసగా కూర్చోబెట్టాడు. వడ్డించేవాళ్ళ చేతిలోంచి గిన్నె లాక్కుని, నడుం వంచి, ముందు గిరిధర్ ఆకులో పప్పూ అన్నం వేశాడు.

"నీకు ఆడపిల్ల లేదనుకోకురా. ఇందాక ధారపోసింది మనిద్దరి కూతుర్ని," అన్నాడు.

గిరిధర్ తలెత్తాడు. కళ్ళు నిండిపోయాయి.

"నువ్వూ తినలేదుగా. ముందు కూర్చో అన్నయ్యా," అని పక్కకి జరిగాడు.