బుర్రి మెడతోలు

బాన్సువాడలో బీర్కూర్ రోడ్డు మీద గంగమణి సీట్ల దుకాణం పొద్దున ఏడింటికే తెరుచుకుంటుంది. షట్టరు ముందు నీళ్లు చల్లి, మిషనుకు నూనె వేసి, పక్క హోటలు నుంచి వచ్చిన చాయ్ తాగుతూ ఇవాళ ఏ బండికి ఏ జంతువు తోలు వేయాలో ఆమె ఆలోచించుకుంటుంది. అది ఆలోచించాల్సిన విషయమే మరి. రెగ్జినుతో బాధ లేదు, ఎవరు కుట్టినా ఒకటే. అసలు తోలు అట్లా కాదు. గంగమణి చేతిలో పడ్డ తోలు తన పాత అలవాట్లు మరిచిపోదు. కోటగిరి సాయన్న ట్రాక్టరు సీటు దున్నపోతు తోలు. మిట్టమధ్యాహ్నం కాలువ కనబడిందంటే ట్రాక్టరు అటే తిరుగుతుంది, అరగంట నీళ్లలో నిలబడితే గాని కదలదు. సాయన్న ఆ అరగంటలో సద్ది తింటాడు. బడిలో చెప్పే మంజులత స్కూటీకి మేకతోలు వేయించుకుంది. పచ్చటి కంచె కనబడ్డ చోటల్లా అది ఆగుతుంది గనుక ఆమె ఇంట్లోంచి పావుగంట ముందే బయలుదేరుతుంది. దుకాణానికి వచ్చినవాళ్లు రంగు సంగతి తరవాత, ముందు "అక్కా, ఈ జీవి గుణమెట్లాంటిది?" అని అడుగుతారు.

గంగమణికి ఒక్కడే తమ్ముడు, భూమేశ్. పేరు చూస్తే భూమి, మనసు చూస్తే ఆకాశం. ట్రాక్టర్లు బాగుచేసే మనిషి, తొమ్మిదేళ్లు కష్టపడి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టాడు. హైదరాబాద్ పోయి నడపడం నేర్చుకుని వచ్చాడు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. అప్పటి నుంచి పెంచింది గంగమణే. పెనిమిటి కూడా పోయాక ఆమెకు ఈ లోకంలో మిగిలింది వాడొక్కడే. వాడేమో పైకి పోతానంటాడు. ఆమెకు తిన్నది అరగడం మానేసింది.

ఎగరడానికి అనుమతి కాయితం వచ్చింది. శుక్రవారం పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, వాడొక్కడే. మనిషి, సామాను, పెట్రోలు అన్నీ కలిపి ఇంత బరువని రాసిపెట్టారు. లెక్క తీస్తే రెండు సీట్లకు కలిపి ఆరు కిలోలు మిగిలాయి. ఒక్క గ్రాము ఎక్కువైనా ఒప్పుకునేది లేదన్నాడు తనిఖీకి వచ్చిన సారు.

"మేకతోలు తేలిక గద అక్కా, అదే వేద్దాం," అన్నాడు భూమేశ్.

"మేక ఎటు దుంకుతదో ఎవనికెరుక? బుర్రి తోలు పెట్టుకో. లేకుంటే నా దుకాణం గడప తొక్కకు."

బుర్రి వాళ్లింటి బర్రె. తల్లి లేని భూమేశ్ దాని పాల మీదే పెరిగాడు. పొద్దున విప్పితే మంజీర ఒడ్డుకు తనే పోయేది, దీపాలు పెట్టే యాల్లకు తనే వచ్చి కొట్టంలో తన గుంజ దగ్గర నిలబడేది. పదహారేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. ఒకసారి ఏటికి వరద వస్తే, ఎనిమిదేళ్ల భూమేశ్ దాని తోక పట్టుకునే ఈ ఒడ్డుకు చేరాడు. ముసలిదై అది పోయినప్పుడు గంగమణి చుట్టాలు ముక్కు మూసుకున్నా లెక్కచేయక, దాని తోలును తోళ్లు శుద్ధి చేసే నర్సింలు చేత పదును పెట్టించి ట్రంకుపెట్టెలో దాచుకుంది.

"సరే, బుర్రిదే. కాని నేనే కుట్టుకుంట," అన్నాడు భూమేశ్. "ప్రతి నట్టు నా చేత్తోనే బిగించిన. సీటొక్కటి నీతోని కుట్టిపిచ్చుకుంటె అది నాదెట్లయితది?"

అట్లా మొదలైంది. అట్టముక్కలు కోసి, సుద్దతో గీతలు గీసి, తోలు కత్తిరించాడు. తోలు పొడిచే ఆరెతో రంధ్రం చేసి, మైనం పూసిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి అటొకటి ఇటొకటి దూర్చి లాగాలి. స్పానరు పట్టిన వేళ్లు సూదికి లొంగలేదు. మొదటి రోజే మూడు చోట్ల రక్తం వచ్చింది. దుకాణంలో చేతికుట్టు పని చేసే కమ్లి తండా నుంచి రోజూ ఆటోలో వస్తుంది. ఆమె ఆ కుట్టు చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నా, గిది ఇమానం సీటా, ఎరువుల సంచి మూతా?"

గంగమణి నవ్వలేదు. ఊడబీకి మళ్లీ కుట్టమంది. నాలుగుసార్లు ఊడబీకించింది. వాడు పళ్లు కొరుకుతూ కుట్టాడు. నిప్పు పరీక్ష కూడా ఉంది, తోలు అంటుకోకూడదు. మిగిలిన ముక్కకు అగ్గిపుల్ల ఆనిస్తే మంట దానంతటదే ఆరిపోయింది. ఆ కమురు వాసనకు అక్కాతమ్ముళ్లు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బరువు మాత్రం దిగలేదు. లోపలి వైపు కత్తితో గీకి గీకి పలచన చేశారు.

"ఇగ చాలు," అంది గంగమణి. "ఇంక గీకితే బుర్రి పోయి వట్టి తోలు మిగులుతది."

బుధవారం కాంటా మీద పెడితే ఆరు కిలోల నూటతొంబై గ్రాములు చూపించింది. ఆ నూటతొంబై ఎక్కడిదో భూమేశ్‌కు తెలుసు. మెడతోలుది. పదహారేళ్లు తాడు ఒరుసుకుని ముడతలు పడి గట్టిబడ్డ ముక్క. సీట్లు కుట్టేవాళ్లెవరైనా దాన్ని పారేస్తారు. గంగమణి పట్టుబట్టి నడిపేవాడి సీటులో, సరిగ్గా కూర్చునే చోట అడుగున వేయించింది.

"అది తీసేస్త అక్కా. సరిపోతది."

"తియ్యొద్దు."

"ఎందుకు తియ్యొద్దు?"

"తాడు గుర్తున్నది గాడనే. తాడు గుర్తులేని గొడ్డుకు ఇల్లు గుర్తుంటదా?"

గురువారం సాయంత్రం భూమేశ్ జేబులోంచి ఫోను తీసి కాంటా మీద పెట్టాడు. సరిగ్గా నూటతొంబై.

"ఇది ఇంట్ల పెట్టి పోత," అన్నాడు. గంగమణి సరేనంది.

శుక్రవారం పొద్దున కోత అయిపోయిన సొంత మడిలోంచి విమానం లేచింది. సాయన్న ఈల వేశాడు, కమ్లి చేతులు జోడించింది. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టుకు మంజీర మీంచి మంచు లేచింది. చూస్తుండగానే చెరుకుతోటలు పోయాయి, కరెంటు స్తంభాలు పోయాయి, ఎదురుగా ఉన్న కొట్టం కూడా మసకబారింది. పైన చప్పుడు నిజాంసాగర్ వైపు జరిగి జరిగి సన్నబడిపోయింది. ఎనిమిదీ ఇరవై. పెట్రోలు తొమ్మిది దాకానే. దిక్కులు చూపే ముల్లు వాడి దగ్గర ఉంది, కాని నేలే కనబడనోడికి దిక్కు తెలిసి ఏం లాభం.

అరుగు మీద భూమేశ్ ఫోను మోగింది. తనిఖీ సారు. గంగమణి ఆ మోగే ఫోను వైపు చూసింది. తన మొండితనం వల్లే అది ఇక్కడ ఉంది.

"ఫికర్ జెయ్యకు అక్కా," అన్నాడు సాయన్న. "బుర్రి తోలు గద, ఇంటికి తోల్కొస్తది."

ఆ మాటకు ఆమె ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం ఆ ఊపిరి అక్కడే ఆగింది.

"బుర్రి పొద్దుగాల ఎన్నడన్న ఇల్లు చేరిందా సాయన్నా?"

పొద్దున ఎనిమిదంటే బుర్రి మేతకు పోయే యాల్ల. వాన కొట్టినా, రాళ్లు పడ్డా దీపాలు పెట్టనిదే అది ఇంటి మొహం చూసేది కాదు. గ్రాములు లెక్కపెట్టారు, కుట్లు లెక్కపెట్టారు, ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడది వాణ్ని ఏటి వెంబడి ముందుకే తీసుకుపోతూ ఉంటుంది.

"దీపాలు పెట్టుండ్రి," అంది గంగమణి.

ఎందుకని ఎవరూ అడగలేదు. కమ్లి ఇల్లిల్లూ తిరిగింది. సాయన్న ఉరికిపోయి స్విచ్చు వేయించి వీధిలైట్లు వెలిగించాడు. ఎనిమిదిన్నర పొద్దులో గడప గడపకూ దీపం లేచింది. పొయ్యి మీది ఉప్మా దించేసి సందెకు వండినట్టు అన్నం వండారు. కొట్టంలో ఎప్పటిలా దోమలకు పిడకలు రాజేసి, పచ్చి వేపాకు వేసి పొగ పెట్టారు. గంగమణి అటక మీంచి పాత పాలచెంబు దించి, ఖాళీ గుంజ దగ్గర గొంతుక్కూర్చుని, పాలు పిండే చప్పుడు వచ్చేట్టు దాని అంచు మీద వేళ్లతో కొట్టసాగింది.

"బుర్రీ, రావే. పొద్దుగూకింది."

బుర్రికి ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

ఎనిమిదీ నలభై. యాభై. వేపపొగ మంచులో కలిసి రోడ్డు దాటింది. యాభై మూడుకు ఎక్కడో దూరంగా చప్పుడు వినిపించింది, దగ్గరికి వచ్చింది, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయినట్టుంది. కమ్లి కళ్లు మూసుకుంది. గంగమణి మాత్రం చెంబు మీద చెయ్యి ఆపలేదు.

మంచులోంచి విమానం చప్పుడు లేకుండా వచ్చింది. ఏ తొందరా లేకుండా, ముక్కు కొద్దిగా కిందికి వంచుకుని వచ్చింది. మడిలో దిగి ఆగాల్సిన చోట ఆగలేదు. గట్టు దాటింది, కంచెలో ఎప్పుడూ తెరిచి ఉండే సందులోంచి ఒక రెక్క ఒరుసుకుంటూ లోపలికి దూరింది, కొట్టం ముందు గుంజకు మూర దూరంలో నిలబడింది.

భూమేశ్ చేతులు నడిపే కర్ర మీద లేవు. రెండు చేతులూ కిందికి పోయి సీటు అంచును పట్టుకుని ఉన్నాయి. కమ్లీ సాయన్నా కలిసి వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు.

గంగమణి ముందు చెంప మీద ఒకటి వేసింది. తరవాత వాడి తల పొట్టకు అదుముకుని ఏడ్చింది.

"నేను తిప్పలే అక్కా," అన్నాడు వాడు. "ఏం కనవడలే. చేతులు వాటంతటవే గట్ల పట్టుకున్నయి."

"గట్టిగ పట్టుకున్నవా?"

"ఏట్ల తోక పట్టుకున్నట్టే."

ఆమె కళ్లు తుడుచుకుని తాడు తెచ్చి విమానం ముందు చక్రానికి వేసి గుంజకు కట్టింది. బకెట్టు నిండా కుడితి తెచ్చి ముందర పెట్టింది.

పది గంటలకు మంచు విడిపోయి ఎండ కాసింది. మంజులత దీపం ఆర్పబోతే గంగమణి వద్దంది. పొద్దుగూకిందని చెప్పి పిలిచాక ఆ మాట నిలబెట్టుకోవాలి కదా. వాడకట్టంతా ఆ రోజు నూనె పోసుకుంటూ నిజంగా పొద్దుగూకే దాకా దీపాలు ఉంచింది.

తరవాతి అనుమతి కాయితంలో భూమేశ్ సమయం మార్చి రాయించుకున్నాడు. ఇప్పుడు వాడు సాయంత్రాలే ఎగురుతాడు. పొద్దు వాలగానే గంగమణి గడపలో దీపం పెట్టి, చెంబు పట్టుకుని గుంజ దగ్గర కూర్చుంటుంది.